పద్నాలుగు గంటల ఆలస్యం

ఉదయం తొమ్మిదీ నలభైకి సరిత ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టగానే, దాని కిందున్న సంతకాన్ని పరశురాములు గుర్తుపట్టాడు. అది అతనిదే.

ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో పనిచేసి, ఎస్సైగా రిటైరై, సూర్యాపేటలో డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న మనిషి. ఎవరి సంతకం దొంగదో ఎవరిది నిజమో చూసి చెప్పి పేరు తెచ్చుకున్నాడు. తన సంతకం ఎదురయ్యేసరికి మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకునే పనిలో పడ్డాడు. ఆ సంతకంలో రెండు మెలికలూ ఒక తోకా తప్ప అక్షరం అనేదే ఉండదు. ఎవరిదో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదని ముందుగా ఊరట కలిగింది. ఆ ఊరట కలిగినందుకు వెంటనే సిగ్గేసింది.

సరిత హైదరాబాదులోని ఒక పరిశోధనా సంస్థలో పనిచేస్తుంది. డాక్టర్ మురళీధర్‌కు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో మూడు దవాఖానలున్నాయి. మూడింట్లోనూ అవే మందులు, అవే నియమాలు. అయినా వైద్యం ఒకే తీరుగా ఎందుకు అందడం లేదు, దాన్ని ఎలా బాగుచేయాలి అన్నది ఆమె ఏడాదిన్నరగా పట్టుకున్న ప్రశ్న.

“గుండెనొప్పితోని వచ్చినోళ్లకు రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తరు సార్,” అంది సరిత. “నొప్పి మొదలైన పన్నెండు గంటల లోపల పడాలె. దాటితే ఇయ్యరు. మిగతా రెండు ఊర్లల్ల లేటుగ వచ్చేటోళ్లు ఒకరో ఇద్దరో. కోదాడల నిరుడు పదకొండు మంది. పదకొండు మందీ పోయిండ్రు.”

“ఆలస్యంగా వస్తే ఆస్పత్రి తప్పేముంటుంది మేడం?”

పరశురాములు ఆఫీసులో పుస్తకాల తెలుగే మాట్లాడతాడు. ట్రైనింగులో ఉన్న రోజుల్లో అతని సొంతూరు ఆత్మకూర్ మాటలకు పక్క జిల్లాల వాళ్లు పడీపడీ నవ్వారు. అప్పటినుంచీ ఇంటి భాషను ఇంటి గడప దాటనివ్వలేదు.

“వాళ్లూ అదే అంటున్నరు. ఆలస్యం ఇంటోళ్లది, మాది కాదు అని ఆ పదకొండు మందిని లెక్కల నుంచి తీసేసిండ్రు. తీసేస్తే మూడింట్ల కోదాడనే ఫస్ట్. రేపు పదకొండింటికి మీటింగ్. కోదాడ పద్ధతే మిగతా రెండింట్ల పెడదామంటున్నరు. నా రిపోర్టుల గూడ అదే రాయాలె ఇగ.”

ఆమె కాగితాన్ని అతని వైపు తిప్పింది. మోతెకు చెందిన సరోజన, వయసు నలభై తొమ్మిది. నొప్పి మొదలు: ఉదయం ఆరు గంటలు. ఆస్పత్రికి చేరిక: రాత్రి ఎనిమిదీ ఇరవై. ఆలస్యం: పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఆ కింద, భర్త మంగయ్యతో ఫోనులో మాట్లాడి నిర్ధారించడమైనది, స్వతంత్ర పరిశీలకుడు, అని ఉంది. ఆ కింద రెండు మెలికలూ ఒక తోకా.

“ఈ మంగయ్యను మొన్న కలిసిన సార్. గొర్లు కాస్తడు. పెండ్లాం నొప్పి నొప్పి అని మొత్తుకుంటుంటే గొర్లెంబడి పోయిండని ఊరంత అంటున్నరు. బిడ్డ విజయ మిర్యాలగూడల ఉంటది. పద్నాలుగు నెలల సంది నాయనతోని మాట్లాడతలేదు. నేను ఏం అడిగినా ‘కాయితంల రాసిండ్రు గద మేడం, అదే అనుకోండ్రి’ అంటడు. చెప్పీ చెప్పీ యాష్టకొచ్చినట్టున్నడు.”

“మీ అనుమానం ఏమిటి?”

“ఈ సంతకం పెట్టినాయన నిజంగ మంగయ్యతోని మాట్లాడిండా, ఊరికే గీకిండా? అది తెలియాలె సార్. మంగయ్య తప్పు చెయ్యకుంటే ఆయన పేరు మీదికెల్లి ఈ మచ్చ తీసెయ్యాలె. రేపటి మీటింగ్ అయిపోతే ఇగ ఎవ్వరు ఈ ఫైలు తెరువరు.”

అప్పుడే చెప్పేయాల్సింది. ‘అది నా సంతకమే మేడం’ అన్న నాలుగు మాటలకు పెద్ద సమయం కూడా పట్టదు. పరశురాములు నోరు తెరిచాడు. “చూద్దాం మేడం,” అన్నాడు. తనను తాను తిట్టుకోవడానికి తెలిసిన పోలీసు తిట్లన్నీ ఒకసారి మనసులో తిరగేశాడు.

అతనికి గుర్తున్నది ఇంతే. కోదాడ దవాఖానలో, పరిశీలకుడిగా తనను పిలిపించుకున్న ఆఫీసరు ప్రవీణ్ గది, చల్లటి ఏసీ, బల్ల మీద ఆరు ఫైళ్లు. అరగంటలో ఆరు ఫోన్లు, ఆరు సంతకాలు. అవతలివాళ్లు ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు. భోజనానికి ఆలస్యమవుతున్నదని మాత్రం గుర్తుంది.

*

పదకొండూ పదికి కోదాడ దవాఖాన ఎమర్జెన్సీ గదిలో పరశురాములు రిజిస్టరు తిప్పుతున్నాడు. సరిత తెచ్చిన అనుమతి పత్రం చూపించగానే నర్సు ధనలక్ష్మి మరో మాట లేకుండా తీసిచ్చింది. ఆంధ్ర సరిహద్దు అవతలి జగ్గయ్యపేట వైపు మనిషి. చేతిరాత ముత్యాల్లా ఉంది.

ముందు ఊళ్లు చూశాడు. ఆలస్యంగా వచ్చారన్న పదకొండు మందీ మోతె, ఆత్మకూర్, వాటి చుట్టుపక్కల పల్లెల వాళ్లే. జగ్గయ్యపేట వైపు వాళ్లు ఒక్కరూ లేరు. తర్వాత చేరిన సమయాలు చూశాడు. అందరూ రాత్రి ఏడుకూ తొమ్మిదిన్నరకూ మధ్య వచ్చారు. ఆఖరుకు నొప్పి మొదలైన సమయాలు. అక్కడ అతని వేలు ఆగింది. ఉదయం అయిదు, ఉదయం ఆరు, ఉదయం ఏడు, మళ్లీ ఉదయం ఆరు. పదింటికి వచ్చిన నొప్పి లేదు, మధ్యాహ్నం వచ్చిన నొప్పి లేదు. జగ్గయ్యపేట వాళ్లకు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే గుండెనొప్పి మోతె వాళ్లకు మాత్రం కోడి కూయగానే వచ్చి, చీకటి పడేదాకా ఇంట్లో కూర్చోబెడుతున్నదన్నమాట. ఇంత క్రమశిక్షణ గల జబ్బును పరశురాములు ఎక్కడా చూడలేదు.

“నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగేది ఎవరమ్మా?”

“నేనేనండి. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా నాదే డ్యూటీ ఎక్కువగా. ఇవాళ మార్చుకుని పొద్దున వచ్చాను. డాక్టరుగారు వచ్చేసరికి కాగితం సిద్ధంగా ఉండాలి కదండి. ఆయన ముందు చూసేది ఆ టైమే.”

“వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాస్తావా?”

“అలా ఎలా రాస్తామండి? ఒక్కొక్కరు ఒక్కో రకంగా మాట్లాడతారు. నేను శుభ్రమైన తెలుగులో రాస్తాను.” ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం ఉంది. ఆ గర్వం పరశురాములుకు బాగా తెలిసిందే.

అతను కుర్చీ లాక్కుని బల్లకు ఎదురుగా కూర్చున్నాడు. “ఒక పని చేద్దాం. నేను రోగిని, నువ్వు రాసుకో.”

మంగయ్య ఆ రాత్రి ఏమని ఉంటాడు? పరశురాములు తండ్రి కూడా గొర్లు కాచినవాడే. ఆయన ఏమనేవాడో అదే అనాలి. ముప్పై ఏళ్లకు పైగా నలుగురిలో పలకని మాటలు నాలుక మీదికి తెచ్చుకోవడానికి మొహమాటపడి, పక్కన ఎవరైనా వింటున్నారా అని చూసుకుని మరీ అన్నాడు.

“సిస్టరమ్మా, పొద్దుమీకి ఆరింటికి గొర్లను తోలుతుంటె ఛాతీల పట్టుకున్నది.”

ధనలక్ష్మి తడుముకోకుండా రాసింది. పరశురాములు కాగితం తన వైపు తిప్పుకున్నాడు. ‘ఉదయం 6 గంటలకు గొర్రెలు తోలుతుండగా ఛాతీ నొప్పి.’

ఆ ‘ఉదయం’ మీద వేలు పెట్టాడు.

“పొద్దుమీకి అంటే ఏమిటమ్మా?”

“పొద్దున్నే అనే కదండి?”

“కాదు. పొద్దు గూకే వేళ. సాయంత్రం. మా దిక్కు పొద్దున్నేని పొద్దుగాల అంటరు.”

ధనలక్ష్మి చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది. రిజిస్టరు దగ్గరకు లాక్కుని పేజీలు వెనక్కి తిప్పసాగింది. పరశురాములుకు ఆమె ఏం లెక్కపెడుతున్నదో తెలుసు. మోతె నుంచి దగ్గర సూర్యాపేటే. ఆ రోజు అక్కడ గుండె డాక్టరు లేడని గేటు దగ్గరే చెప్పి కోదాడకు పంపారని రిజిస్టరులోనే ఉంది. సాయంత్రం ఆరుకు నొప్పి వచ్చింది, ఎనిమిదీ ఇరవైకి ఇక్కడికి చేరింది. రెండు గంటల ఇరవై నిమిషాలు. ఇంజెక్షన్ పది అడుగుల దూరంలో ఆ ఫ్రిజ్‌లోనే ఉంది. డాక్టరు కాగితం చూశాడు, పద్నాలుగు గంటలు దాటిందన్నాడు, ఇవ్వలేదు.

“నాకు ఆ మాట కొత్తగానే అనిపించిందండి, మొదట్లో,” అంది ధనలక్ష్మి. ఆమె తల ఎత్తలేదు. “పక్కవాళ్లను అడుగుదామనుకున్నాను. ఇక్కడ చాలామంది ఈ జిల్లా వాళ్లే. ఒక్క మాట కూడా తెలీదా అని నవ్వుతారని అడగలేదండి.”

నవ్వుతారని భాష మార్చుకున్నవాడు ఆమెకు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఆ పిల్లను ఒక్క మాట అనే హక్కు తనకు లేదని అతనికి తెలుసు. “రాసివ్వమ్మా,” అన్నాడు. “ఇప్పుడు నువ్వు చెప్పింది చెప్పినట్టు, నీ చేత్తో.”

“రాయకు సిస్టర్,” అన్నది గుమ్మం దగ్గరి గొంతు.

ప్రవీణ్. డాక్టర్ మురళీధర్ అన్న కొడుకు, మూడు దవాఖానల్లోనూ గొడవలు బయటికి పొక్కకుండా చూసే ఆఫీసరు. ఒకప్పుడు పరశురాములు దగ్గరే ఆరు నెలలు పని నేర్చుకున్నాడు.

“ఏంది పరశురామన్నా, డిటెక్టివ్ పని బందువెట్టి తెలుగు పంతులువైనవా?”

“పదకొండు మంది ఆలస్యంగా రాలేదు ప్రవీణ్. మీ కాగితమే తప్పు.”

“రుజువు?”

“ఈ రిజిస్టరు. ఈ అమ్మాయి.”

“రిజిస్టర్ల ఉదయం అని ఉన్నది. సిస్టర్ ఇయ్యాల నువ్వు చెప్తె విన్నది. ఆ దినం మంగయ్య పొద్దుమీకి అన్నడా, పొద్దుగాల అన్నడా, ఎవలు చూసిండ్రు? అదంత పోనీ. స్వతంత్ర పరిశీలకుడు ఆయనతోని మాట్లాడి మరీ నిర్ధారణ చేసిండు గద.” ప్రవీణ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “ఆయన సంతకం గుర్తువట్టినవా అన్నా?”

పరశురాములు రిజిస్టరు మూశాడు.

“మేడంకు చెప్పలేదు నువ్వు. చెప్తె నిన్ను ఈడికి పంపకపోతుండె. నువ్వు ఆ దినం మా ఆఫీసు ఫోన్ల మాట్లాడినవ్. మా లైను మీద ప్రతి మాట రికార్డయితది, తెలుసా? నేనింకా వినలేదు. అవసరం పడలేదు. ఇయ్యాల వింట.”

“విను. భయమా నాకు?”

“భయం కాదన్నా, ఇజ్జత్. ఫైలు మేడంకు వాపస్ ఇచ్చి, ఏం దొరకలేదని చెప్పు. నీ ఇజ్జత్ నీకుంటది, మాది మాకుంటది.”

భయం లేదన్నది కోపంలో అన్న మాట. కారెక్కిన తర్వాత పరశురాములుకు ఒక్కటే ప్రశ్న. ఆ ఫోనులో మంగయ్య ఏమన్నాడు? ఒకవేళ మంగయ్యే ఉదయం అని ఉంటే? అలా అని ఉంటే బాగుండును అనుకున్నాడు. ఒక అమాయకుడు దోషి అయితే తన పరువు దక్కుతుందని ఆశపడ్డాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత నీచమైన ఆలోచన తనకు వచ్చిన గుర్తులేదు.

*

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు కాంటా దగ్గర విజయ చీటీలు రాస్తుంది. రెండూ ఇరవై అయిదుకు పరశురాములు అక్కడికి చేరేసరికి ధాన్యం లారీలు లేవు, ఆమె ఒక్కతే గదిలో కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లలోపు మనిషి. తల్లి పేరెత్తగానే ముఖం గట్టిపడింది.

“ఆ రోజు మీ నాన్న నీకు ఫోన్ చేశాడా?”

“చేసిండు. రాత్రి తొమ్మిదింటికి. అమ్మకు బాగలేదు, కోదాడకు తెచ్చిన అన్నడు.”

“ఎప్పటి నుంచి నొప్పి అని చెప్పాడు?”

“పొద్దుమీకి సంది అన్నడు.”

పరశురాములు ముందుకు వంగాడు. “ఖచ్చితంగా ఆ మాటే?”

“ఆ మాటే. నేను నమ్మిన. పన్నెండు దినాలు కాకముందే దవాఖానకెల్లి కాయితం వచ్చింది, పొద్దుగాల ఆరింటికే నొప్పి మొదలైందని. నాయన కాదు కాదు అన్నడు.” ఆమె బల్ల సొరుగు లాగి, మడతలు పడ్డ కాగితం తీసి ముందు పెట్టింది. అదే కాగితానికి నకలు. “దవాఖానోళ్లు ఆళ్ల తప్పు కప్పెట్టుకోనీకి రాసిండ్రు అనుకుందును సార్. కానీ ఇది సూడుండ్రి. ఆళ్లతోని సంబంధం లేని సార్ ఎవలో, నాయనతోని మాట్లాడి, ఔ పొద్దుగాలనే అని సంతకం వెట్టిండు. అంటే నాయన నాకొక తీరు చెప్పిండు, సార్‌కొక తీరు చెప్పిండు. అమ్మ దినమంత నొప్పి వడుతుంటె సూసుకుంట తిరిగిండు. గప్పటి సంది మాట బంద్.”

నర్సు రాత కాదు, డాక్టరు మాట కాదు. తండ్రీ కూతుళ్లను విడదీసింది ఆ రెండు మెలికలూ ఒక తోకా. పరశురాములు చూపు కాగితం మీది నుంచి తీయలేకపోయాడు. ఎవరైనా వచ్చి లాగి చెంప మీద కొడితే బాగుండుననిపించింది.

జేబులో ఫోను మోగి ఆగింది. ప్రవీణ్ పంపిన సందేశం. కింద ఒక ఆడియో. ‘విన్న అన్నా. నువ్వు గూడ విను. ఇసుంటివి ఇంకా ఐదున్నయ్. నాలుగింటి లోపల ఫైలు వాపస్ పోకపోతే ఆరూ సరిత మేడంకు పోతయ్.’

పరశురాములు ఆ సందేశాన్ని రెండుసార్లు చదివాడు. మంగయ్య ఉదయం అని ఉంటే ప్రవీణ్‌కు ఈ బెదిరింపుతో పని లేదు. హాయిగా రేపటి మీటింగులోనే వినిపించేవాడు. అంటే ఇందులో ఉన్నది వేరే. మంగయ్య నోటి నుంచి వచ్చిన మాటకు లోకంలో మిగిలిన సాక్ష్యం ఇదొక్కటే. మంగయ్యను నిర్దోషిగా నిలబెట్టేది ఇదే, తనను నిలువునా ముంచేదీ ఇదే. బయటపడితే దవాఖానకూ నష్టమే అయినా, తన సిగ్గును నమ్ముకుని ప్రవీణ్ దీన్ని ధైర్యంగా చేతికిచ్చాడు. సిగ్గుపడే మనిషి దీన్ని తుడిచేస్తాడని అతని లెక్క. ఆ లెక్క తప్పేమీ కాదు, పరశురాములు బొటనవేలు నిజంగానే ఆ మీట మీదికి వెళ్లింది.

“ఏంది సార్ అది?” అంది విజయ.

“మీ నాన్న గొంతు,” అన్నాడు పరశురాములు. ఆ మాట నోరు దాటాక ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద ఉంచాడు.

ముందు వినిపించింది అతని గొంతే. పెత్తనంగా, తొందరగా. “మంగయ్యేనా మాట్లాడేది? నొప్పి ఎప్పుడు మొదలైంది?”

“పొద్దుమీకి సార్. ఆరింటికి. గొర్లను దొడ్లె తోలి కాళ్లు కడుక్కుంటున్న, గప్పుడే పిలిచింది. ఎంటనే ఆటో మాట్లాడిన సార్...”

“సరే, సరే. ఆరు గంటలకు. అర్థమైంది.”

“ఒక్క నిమిషం గూడ ఆగలేదు సార్. ఆ మాట జర రాయుండ్రి సార్.”

“రాస్తానయ్యా. ఉంటాను.”

అంతే. నలభై సెకన్లు.

ధనలక్ష్మికి ఆ మాట తెలియదు, తెలియక తప్పు రాసింది. అతను ఆ మాటలోనే పుట్టి పెరిగాడు. స్పష్టంగా విన్నాడు, అర్థమైందని కూడా అన్నాడు. అన్నాక, కళ్ల ముందున్న కాగితం మీద ‘ఉదయం’ అని ఉంటే చదవకుండా దాని కింద సంతకం గీకి భోజనానికి లేచాడు.

విజయ కదలలేదు. “ఇంకోపారి పెట్టుండ్రి,” అంది.

మళ్లీ పెట్టాడు. ‘ఒక్క నిమిషం గూడ ఆగలేదు సార్’ అన్న దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయాక, కొంగు తీయకుండానే అడిగింది. “ఆ సార్ ఎవలు?”

గొంతు పోల్చుకునే అడుగుతున్నదని అతనికి అర్థమైంది.

“నేనే బిడ్డా,” అన్నాడు.

ఆమె తిట్టలేదు. తిడితే ఎంతో తేలికయ్యేది. పరశురాములు ఫోను అందుకుని ఆడియోను సరితకు పంపాడు. కింద రాశాడు: ‘ఈ గొంతు నాది. సంతకం కూడా నాదే. ఇంకా ఐదున్నాయి, అవీ అడిగి తీసుకోండి. ధనలక్ష్మి అనే నర్సు మీద తప్పు వేయనివ్వొద్దు.’ రెండూ యాభై ఒకటి. ప్రవీణ్ ఇచ్చిన గడువుకు ఇంకా గంటా తొమ్మిది నిమిషాలుంది. ఇక దానితో పని లేదు. రేపు మీటింగులో జరిగేది ఏమిటో, ఆ తర్వాత తన డిటెక్టివ్ బోర్డు ఉంటుందో ఊడుతుందో అతనికి తెలుసు.

తలెత్తేసరికి విజయ తన ఫోనులో నంబరు నొక్కుతున్నది. చెవి దగ్గర పెట్టుకోబోయి ఆగింది. మోగుతున్న ఫోనుకు స్పీకరు పెట్టి అతని ముందు బల్ల మీద ఉంచింది.

“నాకు ముఖం లేదు,” అంది. “ముందుగాల మీరు చెప్పుండ్రి.”

నాలుగోసారి మోగుతుండగా అవతల ఎత్తారు. వెనక గొర్ల అరుపులు. పద్నాలుగు నెలల తర్వాత బిడ్డ నంబరు చూసిన మనిషి ఒక్క నిష్ఠూరమూ ఆడలేదు.

“విజయా,” అన్నాడు మంగయ్య. “అన్నం తిన్నవా బిడ్డా?”

పరశురాములు ఫోను దగ్గరకు జరుపుకున్నాడు. అవతల మంగయ్య రెండోసారి బిడ్డా అని పిలిచాడు.

“బిడ్డ కాదు మంగయ్యా,” అన్నాడు పరశురాములు. “నువ్వు పొద్దుమీకి అని చెప్తె, పొద్దుగాల అని సంతకం వెట్టినోన్ని.”